21 సెంటీమీటర్ల రిసీవర్‌ని చల్లబరిస్తే లాభమా, వట్టి ప్రయాసేనా?

రాత్రిపక్షి:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదివి పోతుండడమే గానీ నోరు విప్పడం ఇదే మొదటిసారి, తప్పులుంటే తిట్టకుండా సరిదిద్దండి.

సంగతేంటంటే, నా దగ్గర మీటరున్నర డిష్ ఒకటి ఉంది. దాని ముందు రేకు డబ్బాతో చేసుకున్న ఫీడ్ (డిష్ పోగేసిన తరంగాల్ని పట్టేది), అక్కణ్నుంచి జానెడు పైచిలుకు సన్న కోయాక్స్ కేబుల్, ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ని తక్కువ నాయిస్‌తో పెంచే ఆంప్లిఫైయర్), ఫిల్టరు, సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే ఎస్‌డీఆర్ డాంగిల్, ల్యాప్‌టాప్. 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, హైడ్రోజన్ గీత వస్తోంది. మొదటిసారి స్క్రీన్ మీద ఆ చిన్న గుట్ట లేచినప్పుడు అర్ధరాత్రి నేను వేసిన కేకకి ఇంట్లో అందరూ లేచి కూర్చున్నారు, అది వేరే కథ. ఇబ్బంది ఎక్కడంటే డిష్ పాలపుంత మధ్య పట్టీ మీద ఉన్నంతసేపే బాగుంటుంది, అక్కణ్నుంచి పక్కకి జరిపితే గీత బక్కచిక్కిపోయి నాయిస్‌లో కలిసిపోతోంది. గంటసేపు ఇంటిగ్రేట్ చేసినా (సిగ్నల్‌ని కూడబెట్టినా) అదే తీరు.

పెద్ద టెలిస్కోపుల గురించి చదివితే ఎక్కడ చూసినా ఒకటే మాట, రిసీవర్‌ని 15, 20 కెల్విన్‌కి దించుతారట, అంటే మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి. అంత మన వల్ల కాదు గానీ ఎల్ఎన్ఏ డబ్బాకి ఒక పెల్టియర్ ముక్క (కరెంటుతో చల్లబరిచే పలక) అంటిస్తే ఓ 40 డిగ్రీలు తగ్గించగలను. లేదంటే డ్రై ఐస్. ఇంకా తెగిస్తే లిక్విడ్ నైట్రోజన్. వీటిలో ఏదైనా పనికొస్తుందా?

ఇంకో రెండు సందేహాలు చాలా రోజులుగా తొలుస్తున్నాయి. నా ఎల్ఎన్ఏ నాయిస్ ఫిగర్ (అది సొంతంగా కలిపే నాయిస్ కొలత) 0.5 డీబీ అని డేటాషీట్‌లో ఉంది, దాన్ని నాయిస్ టెంపరేచర్‌లోకి మారిస్తే 35 కెల్విన్ అని వస్తోంది. ఎల్ఎన్ఏ ఏమో 300 కెల్విన్ గాలిలో వేలాడుతోంది. 300లో ఉన్న వస్తువు 35 కెల్విన్ల నాయిస్ మాత్రమే ఎలా ఇస్తుంది? రెండోది, పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి కదా, వాటిలో రిసీవర్లను అసలు చల్లబరచరని విన్నాను. మరి వాళ్లకెందుకు అక్కర్లేకపోయింది?

శబ్దభేది:

ముందు 35 కెల్విన్ల సంగతి చూద్దాం, అది తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి.

300 కెల్విన్‌లో ఉన్న రెసిస్టర్ అయితే 300 కెల్విన్ల నాయిస్ ఇచ్చి తీరుతుంది, 1928లో జాన్సన్ కొలిచిందీ నైక్విస్ట్ వివరించిందీ అదే. ట్రాన్సిస్టర్ రెసిస్టర్ కాదు కదా. నాయిస్ టెంపరేచర్ 35 అంటే అది 35 కెల్విన్ల చల్లదనంలో ఉందని కాదు. అది సొంతంగా కలిపే చెత్తంతా ఇన్‌పుట్ దగ్గర పెట్టిన ఒక రెసిస్టర్ నుంచే వచ్చిందనుకుంటే, ఆ రెసిస్టర్ 35 కెల్విన్‌లో ఉన్నట్టు లెక్క. అంతే. ట్రాన్సిస్టర్‌ని నిజంగా చల్లబరిస్తే ఆ చెత్త ఇంకా తగ్గుతుంది. మంచి ఇండియం ఫాస్ఫైడ్ హెమ్ట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఆంప్లిఫైయర్లు 15 కెల్విన్ దగ్గర కొన్ని గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో 5 కెల్విన్లలోపు నాయిస్‌తో పనిచేస్తాయి.

కానీ నీ కేబుల్ ఉంది చూశావూ, అది మాత్రం అచ్చం రెసిస్టర్ లాంటిదే, తంటా అంతా దానితోనే. జానెడు సన్న కోయాక్స్, రెండు కనెక్టర్లు కలిపి 0.2 డీబీ పోతుందనుకో. చూడ్డానికి ఎంత చిన్న అంకె! అది సిగ్నల్‌లో నాలుగున్నర శాతం మింగడమే కాదు, తాను గది వేడిలో ఉంది కాబట్టి దాదాపు 14 కెల్విన్ల నాయిస్ తిరిగి కక్కుతుంది. ఎల్ఎన్ఏ నాయిస్ కూడా ఆ నష్టం మేరకు కొంచెం పెరుగుతుంది. అన్నీ కలిపి 51. అంటే డేటాషీట్‌లో 35 అని చూసి మురిసిపోతున్నావు గానీ నీ రిసీవర్ అసలు 51 కెల్విన్లది. ఇదే 0.2 డీబీ కేబుల్ ఎల్ఎన్ఏ తర్వాత ఉంటే ఏమీ కాదు, ఎందుకంటే వెనకాల వచ్చే నాయిస్ అంతా ముందున్న గెయిన్‌తో (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచిందో దానితో) భాగించబడుతుంది. మొదటి స్టేజీ ముందు ఏముందన్నదే రేడియో ఖగోళంలో సగం గొడవ.

ఇప్పుడు యాంటెన్నా నుంచి వచ్చేది చూడు. విశ్వమంతా నిండిన నేపథ్య వికిరణం 2.7 కెల్విన్లు, వాతావరణం ఇంకో రెండు మూడు, పాలపుంత పట్టీకి దూరంగా అయితే మిగతా ఆకాశం ఒకటో అరో. ఇదంతా కలిపితే ఏడు దాటదు. అసలు దొంగ నేల. నీ ఫీడ్ డిష్ అంచుల మీంచి కిందున్న 300 కెల్విన్ల నేలని దొంగచూపు చూస్తుంటుంది, డబ్బా ఫీడ్‌లతో అది 30, 40 కెల్విన్లు కావడం మామూలే. మొత్తం వేసుకుంటే నీ సిస్టమ్ టెంపరేచర్ 95, 100 మధ్య ఎక్కడో ఉంటుంది.

పెల్టియర్‌తో 40 డిగ్రీలు తగ్గిస్తే ఎల్ఎన్ఏ 35 నుంచి ఓ 29కి వస్తుందేమో. దాదాపు వందలో ఆరు. కేబుల్ పీకేసి ఎల్ఎన్ఏని నేరుగా ఫీడ్ కనెక్టర్‌కి బిగిస్తే పదహారు, అదీ పైసా ఖర్చు లేకుండా. డ్రై ఐస్ పెట్టి నానా తంటాలు పడినా దాదాపు అంతే వస్తుంది. నేల వైపు చూపు సగానికి తగ్గించగలిగితే ఇంకో ఇరవై. ఏది ముందు చేయాలో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

జీఎంఆర్‌టీ విషయానికొస్తే, విన్నది నిజమే, అక్కడి రిసీవర్లు మామూలు ఉష్ణోగ్రతలోనే నడుస్తాయి. ఆ టెలిస్కోపు బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ మన పాలపుంతే నాయిస్ కొలిమిలా మండుతుంది, ఫ్రీక్వెన్సీ సగమైతే ఆకాశం సుమారు ఆరు రెట్లు వేడెక్కుతుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశమే కొన్ని వందల కెల్విన్లు. అక్కడ ఎల్ఎన్ఏ 40 ఉంటేనేం, 5 ఉంటేనేం? చెరువులోంచి చెంబుడు నీళ్లు తీసినట్టు. చల్లబరచడం నిజంగా గిట్టుబాటయ్యేది సుమారు ఒక గిగాహెర్ట్జ్ పైనే, ఆకాశం నిశ్శబ్దంగా ఉండి మన పెట్టెలోని గోల ఒక్కటే మిగిలే చోట.

ఇంకొక్క మాట. నాయిస్‌లోంచి గీత బయటపడాలంటే పట్టే సమయం సిస్టమ్ టెంపరేచర్ వర్గాన్ని బట్టి ఉంటుంది. టెంపరేచర్ సగమైతే సమయం నాలుగో వంతు. లేదా మరో రకంగా, 100 మీటర్ల డిష్‌లో సిస్టమ్ టెంపరేచర్ సగం చేస్తే 141 మీటర్ల డిష్ కట్టినంత ఫలితం. అంత ఉక్కు ఎత్తి నిలబెట్టడం కంటే ఒక ఫ్రిజ్ నడపడమే చవక కాబట్టి పెద్దవాళ్లు ఆ బాధ పడతారు.

డ్యూవర్‌మేస్త్రి:

తమ్ముడూ, పైన ఆయన లెక్కంతా సరిగ్గా చెప్పాడు, నేను చేతులకి అంటే మసి గురించి చెబుతా. చాలా ఏళ్లు ఒక అబ్జర్వేటరీలో ఈ చల్లపెట్టెలకే సేవ చేశాను, పేరు వద్దులే.

లోపల ఏముంటుందంటే, ఒక వాక్యూమ్ గిన్నె, దాన్నే డ్యూవర్ అంటాం. దానికి కింద నుంచి కోల్డ్‌హెడ్ బిగించి ఉంటుంది. గిఫర్డ్, మెక్‌మాన్ పేర్ల మీద జీఎం కూలర్ అంటారు. దూరంగా ఎక్కడో ఉన్న కంప్రెసర్ నుంచి సుమారు 20 బార్ ఒత్తిడితో హీలియం గ్యాస్ గొట్టాల్లో వస్తుంది, కోల్డ్‌హెడ్‌లో ఒక డిస్‌ప్లేసర్ పైకీ కిందకీ ఆడుతూ దాన్ని వ్యాకోచింపజేస్తుంది, వ్యాకోచించిన ప్రతిసారీ కొంచెం వేడి లాక్కుపోతుంది. రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు 50 నుంచి 80 కెల్విన్లు, రెండోది 15, 20. మొదటి మెట్టుకి ఒక రాగి లేదా అల్యూమినియం చిప్ప తగిలించి లోపలి భాగానికి గొడుగు పడతాం. ఎందుకంటే గది వేడిలో ఉన్న గోడ చదరపు మీటరుకి 450 వాట్ల పైన వేడి ప్రసరిస్తుంది, అదే 77 కెల్విన్ల గోడ అయితే రెండు వాట్లే. ప్రసరించే వేడి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, దాని మహిమ. అందుకే ఆ చిప్ప లేకుండా రెండో మెట్టు ఎంత ఏడ్చినా కిందికి దిగదు.

ఆ తర్వాత ప్రతి తీగా ఒక దొంగ దారే. బయటి నుంచి లోపలికి మామూలు రాగి కోయాక్స్ వేస్తే వేడి దర్జాగా నడిచొస్తుంది, అందుకని పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ కోయాక్స్ వాడతాం. కరెంటు తీగలు ఫాస్ఫర్ బ్రాంజ్, ఆనించే కాళ్లు ఫైబర్‌గ్లాస్. లోపల మాత్రం రివర్స్, ఎల్ఎన్ఏ నుంచి చల్లటి పళ్లెం దాకా వేడి సులభంగా పోవాలి కాబట్టి మెత్తటి శుద్ధ రాగి పట్టీలు, మధ్యలో ఇండియం రేకు. స్క్రూ వదులైతే ఎల్ఎన్ఏ 15లో ఉందనుకుంటాం, అది 40లో కూర్చుని మనల్ని చూసి నవ్వుతుంటుంది. థర్మామీటర్ పళ్లెం మీద కాదు, ఎల్ఎన్ఏ ఒంటి మీద ఉండాలని నాకు బుద్ధొచ్చింది అప్పుడే.

పైన కేబుల్ గురించి చెప్పాడు కదా, మా దగ్గరా అదే సూత్రం. చల్లటి ఎల్ఎన్ఏ ఒక్కటీ పెట్టుకుని దాని ముందు వెచ్చటి భాగాలు వదిలేస్తే డబ్బు తగలేసినట్టే. అందుకే రెండు పోలరైజేషన్లను విడదీసే ఓఎంటీని కూడా వీలైనంత వరకు లోపలికే తోస్తాం. 0.1 డీబీ నష్టం గది వేడిలో దాదాపు 7 కెల్విన్లు, అదే 20 కెల్విన్లలో అయితే అర కెల్విన్.

ఇక నా తలనొప్పుల్లో ఒకటి చెప్తాను. ఒక రిసీవర్‌లో రెండో మెట్టు 15 నుంచి మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. 16, 18, రెండు వారాలకి 22. మేమంతా వాక్యూమ్ లీకని తీర్మానించేశాం, ఎందుకంటే పది సార్లలో తొమ్మిది సార్లు అదే. హీలియం స్ప్రే పట్టుకుని లీక్ డిటెక్టర్‌తో ఓ-రింగుల చుట్టూ తిరిగాం. ఒక చోట డిటెక్టర్ కూసింది, సంబరపడి విప్పి చూస్తే ఏమీ లేదు. హీలియం మరీ సన్నది, ఎక్కువసేపు కొడుతూ కూర్చుంటే రబ్బరులోంచే ఇంకి లోపలికి పోతుంది, లీకు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. రెండు రోజులు అలా వృథా. మూడో రోజు కోల్డ్‌హెడ్ పక్కన ఊరికే కూర్చున్నాను. మామూలుగా అది ఊపిరి తీసినట్టు స్‌స్-టక్, స్‌స్-టక్ అని సెకనుకో సారి కొట్టుకుంటుంది. ఆ రోజు టక్ పడాల్సిన చోట కర్రుమని గరగర. చెయ్యి వేస్తే వణుకు తెలుస్తోంది.

సంగతేంటంటే కొన్ని వారాల ముందు కంప్రెసర్ మార్చినప్పుడు గొట్టం సరిగ్గా పర్జ్ చేయకుండా (లోపలి గాలి తోసేయకుండా) తగిలించారు, కొంచెం గాలి దూరింది. హీలియం 99.999 శాతం శుద్ధంగా ఉండాలనేది ఇందుకే. 15 కెల్విన్ల దగ్గర గాలి గాలిగా ఉండదు, నైట్రోజన్, ఆక్సిజన్, నీటి ఆవిరి అన్నీ గడ్డకట్టి డిస్‌ప్లేసర్ సందుల్లో ఇసుకలా చేరతాయి. అంతటినీ గది వేడికి రానిచ్చి, గ్యాస్ వదిలి, శుద్ధ హీలియం నింపి, మళ్లీ వదిలి, నాలుగైదు సార్లు అలా కడిగాక దారికొచ్చింది. సీళ్లు మాత్రం అరిగిపోయాయి. చాలా మోడళ్లకి సుమారు 10,000 గంటలకి ఎలాగూ మార్చాలి, దీనికి అంతకంటే చాలా ముందే మార్చాల్సొచ్చింది. అప్పట్నుంచి ఏ పెట్టె దగ్గరికెళ్లినా ముందు చెవి, తర్వాతే మీటరు.

కరెంటు పోతే మరో సినిమా. లోపల చల్లటి పళ్లెం మీద కొంచెం బొగ్గు అంటించి ఉంటుంది, మిగిలిన గ్యాస్ అణువుల్ని అదే పట్టుకుని వాక్యూమ్ కాపాడుతుంది, అంటే ఒకసారి చల్లబడ్డాక చలే చలిని కాస్తుంది. కంప్రెసర్ ఆగి పళ్లెం వేడెక్కిందంటే ఆ బొగ్గు పట్టినదంతా వదిలేస్తుంది, వాక్యూమ్ పాడవుతుంది, దాంతో ఇంకా వేగంగా వేడెక్కుతుంది. అప్పుడు కరెంటొచ్చి కూలర్ మొదలైనా దిగిరాదు, పంపు తగిలించి మళ్లీ మొదటి నుంచీ లాగాల్సిందే, ఒక రోజు గోవిందా.

పల్సార్లు (లయ తప్పకుండా రేడియో మిణుకులు పంపే నక్షత్రాలు) వెతికేవాళ్లకి మా కోల్డ్‌హెడ్ అంటే ఎందుకు పడదో కూడా చెప్పేస్తా. ఆ టక్-టక్ లయకి ఎల్ఎన్ఏ ఉష్ణోగ్రత చిటికెడు ఊగుతుంది, గెయిన్ కూడా ఊగుతుంది. 60 హెర్ట్జ్ కరెంటు మీద చాలా హెడ్లు సెకనుకి 1.2 సార్లు కొట్టుకుంటాయి. 0.83 సెకన్ల పీరియడ్‌తో చక్కటి పల్సార్ దొరికిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే ముందు మా గదికి పంపండి.

కుతూహలం:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. 15 దగ్గర ఎందుకు ఆగుతారు? ఇంకా కిందికి, 1 కెల్విన్‌కో 0.1కో తీసుకెళ్తే నాయిస్ ఇంకా పోతుంది కదా. సున్నాకి చేరితే సున్నా నాయిస్.

శబ్దభేది:

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ రెండు అడ్డాలున్నాయి.

మొదటిది, హెమ్ట్‌లో సుమారు 15, 20 కెల్విన్ల కింద లాభం దాదాపు ఆగిపోతుంది. ట్రాన్సిస్టర్ పనిచేయాలంటే కరెంటు పారాలి, పారితే లోపల ఆ సన్నటి పొర తనంతట తాను వేడెక్కుతుంది, అంత చలిలో ఆ వేడి పదార్థంలోంచి సరిగ్గా బయటికి పోదు. నువ్వు పళ్లేన్ని 4కి దించినా లోపలున్నాయన వేరే ఉష్ణోగ్రతలో ఉంటాడు. రెండోది క్వాంటం హద్దు. ఫేజ్‌ని కాపాడుతూ పెంచే ఏ ఆంప్లిఫైయరైనా కనీసం కొంత నాయిస్ కలపక తప్పదు, ఆ కొలబద్ద గిగాహెర్ట్జ్‌కి 0.048 కెల్విన్లు. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది లెక్కలోకి రానంత చిన్నది, కానీ 100 గిగాహెర్ట్జ్ దగ్గర 4.8 కెల్విన్లు. సున్నా నాయిస్ అన్నది లేదు.

మరి 4 కెల్విన్ల యంత్రాలెందుకున్నాయంటే, అక్కడ పనిచేసేది ట్రాన్సిస్టర్ కాదు. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా టెలిస్కోపులో చాలా బ్యాండ్లకి ఎస్ఐఎస్ మిక్సర్లు (ఫ్రీక్వెన్సీని కిందికి దించేవి) వాడతారు, రెండు సూపర్‌కండక్టర్ పొరల మధ్య అతి పల్చటి ఇన్సులేటర్. అవి నయోబియంతో చేసినవి, అది 9.2 కెల్విన్ల కింద మాత్రమే సూపర్‌కండక్టర్. కాబట్టి 4కి దించడం అక్కడ కాస్త మెరుగు కోసం కాదు, దించకపోతే ఆ మిక్సర్ మిక్సరే కాదు. ఆ క్రయోస్టాట్‌లో మూడు మెట్లు, 110, 15, 4. ఇక 0.1 కెల్విన్ల దాకా వెళ్లేది బోలోమీటర్లు, అంటే పడిన వికిరణాన్ని అది పుట్టించే వేడిని బట్టి కొలిచేవి. 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహంలో ఎక్కువ ఫ్రీక్వెన్సీల పరికరం 0.1 దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీలది 20 దగ్గర పనిచేశాయి. ఒకే ఉపగ్రహంలో రెండు మతాలు.

ఎంత చలికి ఎంత కరెంటన్నది కూడా చూడు. 4 కెల్విన్ల దగ్గర ఒక వాటు వేడి తీసేయడానికి పుస్తకం లెక్క ప్రకారం 74 వాట్లు చాలు, కానీ నిజం యంత్రాలు ఏడు కిలోవాట్ల దాకా తాగుతాయి. ఒక డిష్‌కి ఫర్వాలేదు. వందలు, వేలు పెడదామనుకుంటే లెక్క తిరగబడుతుంది, అందుకే వేలల్లో డిష్‌లు పెట్టాలనే డీఎస్ఏ-2000 లాంటి ప్రతిపాదనలు చల్లబరచని ఎల్ఎన్ఏలనే నమ్ముకున్నాయి. చల్లబరచకుండానే గిగాహెర్ట్జ్ దగ్గర 10 కెల్విన్ల చుట్టుపక్కల నాయిస్‌తో పనిచేసేవి ఇప్పుడు చేయగలుగుతున్నారు మరి. పదేళ్ల కింద ఎవరైనా ఈ మాట అంటే నేనే నవ్వేవాణ్ని.

మంచుముక్క:

లిక్విడ్ నైట్రోజన్ ప్రయత్నం నేను చేశాను కాబట్టి నాలుగు ముక్కలు. మొదటి రాత్రి థర్మోకోల్ పెట్టెలో ఎల్ఎన్ఏని నేరుగా ముంచేశాను. గెయిన్ మొత్తం పోయింది. చచ్చిందనుకున్నాను, కానీ వేడెక్కాక మళ్లీ బతికింది. తప్పు ట్రాన్సిస్టర్‌ది కాదు, బోర్డు మీదున్న వోల్టేజ్ రెగ్యులేటర్‌ది, దానికి అంత చలి పడదు. దాన్ని బయటికి తెచ్చి బయాస్ (ట్రాన్సిస్టర్ నడవడానికి కావలసిన కరెంటు) విడిగా ఇస్తే పనిచేసింది, అయితే చలిలో కరెంటు మారుతుంది, మళ్లీ సరిచూసుకోవాలి. సిరామిక్ కెపాసిటర్లలో ఎక్స్7ఆర్ రకం చలికి కెపాసిటెన్స్ చాలావరకు పోగొట్టుకుంటుంది, ఎన్‌పీ0 రకం నిలబడింది. నాలుగోసారి ముంచి తీశాక ఒక కనెక్టర్ దగ్గర సోల్డర్ పగిలింది.

అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. చల్లబడ్డదాని మీదకి గాలిలో నీరంతా పరిగెత్తుకొస్తుంది, అరగంటలో ఫీడ్ ప్రోబ్ మీద మంచు, ఆ మంచు కరిగితే నీళ్లు, ప్రోబ్ ట్యూనింగ్ గోవిందా. పెల్టియర్ అయినా ఇదే గతి. ఇంకో ముఖ్యమైన సంగతి, నైట్రోజన్ పాత్రకి గట్టిగా మూత బిగించొద్దు, అది ఆవిరైతే దాదాపు 700 రెట్లు అవుతుంది, పాత్ర బాంబే. మూసిన గదిలో అసలొద్దు, ఆక్సిజన్ తగ్గిపోతే ముందుగా ఏ హెచ్చరికా ఉండదు.

అదే నైట్రోజన్‌తో చేసిన మంచి పని మరొకటి ఉంది. ఒక నురగ అబ్జార్బర్‌ని అందులో ముంచి 77 కెల్విన్ల కోల్డ్ లోడ్‌గా (పోల్చి కొలవడానికి తెలిసిన ఉష్ణోగ్రతలో ఉండే వస్తువుగా) వాడాను, అది నిజంగా పనికొచ్చింది.

శబ్దభేది:

అదీ మాట. చల్లబరచడం కంటే ముందు కొలవడం. @రాత్రిపక్షి, నీకు నైట్రోజన్ కూడా అక్కర్లేదు. ఫీడ్‌ని నేల వైపు తిప్పి ఒకసారి, డిష్‌ని పాలపుంత లేని చల్లటి ఆకాశం వైపు ఎత్తి ఒకసారి పవర్ చూడు, రెంటికీ తేడా ఎన్ని డీబీలో చెప్పు. తేడా ఎంత ఎక్కువైతే నీ సిస్టమ్ అంత నిశ్శబ్దం.

పెంజియస్, విల్సన్ చేసింది ఇదే పని, కాకపోతే వెర్రి ఓపికతో. అమెరికాలోని హోమ్‌డెల్ హార్న్ యాంటెన్నాకి హీలియంలో చల్లబరిచిన రూబీ మేసర్ (అతి తక్కువ నాయిస్ ఆంప్లిఫైయర్) తగిలించి, పోల్చి చూడ్డానికి లిక్విడ్ హీలియంలో ఉంచిన కోల్డ్ లోడ్ ఒకటి పక్కన పెట్టుకున్నారు. 4080 మెగాహెర్ట్జ్ దగ్గర నడినెత్తి ఆకాశం 6.7 కెల్విన్లు వచ్చింది. వాతావరణానికి 2.3, హార్న్ గోడల నష్టం, నేల చూపు కలిపి 0.9. మిగిలిన మూడున్నరకి లెక్క దొరకలేదు. పావురాల రెట్టలు కడిగినా పోలేదు. అదే పైన చెప్పిన విశ్వ నేపథ్య వికిరణం. 1965లో అచ్చయింది, 1978లో నోబెల్ వచ్చింది. మిగతా వేటికీ కెల్విన్ల లెక్క అంత కచ్చితంగా తెలియకపోతే ఆ మూడున్నర ఏ కనెక్టర్ ఖాతాలోకో పోయేది.

రాత్రిపక్షి:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఈలోపు వాన.

కొలిచాను. కేబుల్‌తో ఉన్నప్పుడు నేలకీ ఆకాశానికీ తేడా 5.2 డీబీ. రిసీవర్ 51 అనుకుని లెక్కేస్తే సిస్టమ్ 106 కెల్విన్లు వచ్చింది, అంటే మీ అంచనా కంటే నా నేల దొంగ పెద్దవాడు. తర్వాత కేబుల్ పీకేసి ఎల్ఎన్ఏని డబ్బా కనెక్టర్‌కే బిగించాను, 5.6కి చేరింది. ఆ తర్వాత డబ్బా మూతి చుట్టూ అల్యూమినియం రేకుతో ఒక వెడల్పాటి కాలర్ చేశాను, దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక సాయంత్రమంతా గడిపాను. కాలర్ మూతి కంటే కొద్దిగా వెనక ఉన్నప్పుడు 6.5 వచ్చింది. లెక్క సరైతే 75 కెల్విన్లు. గంట పట్టే పని అరగంటలో అవుతోంది, పెల్టియర్ ముక్క ఇంకా కవర్‌లోనే ఉంది.

నిన్న రాత్రి పాలపుంత పట్టీకి 30 డిగ్రీల దూరంలో కూడా గీత కనిపించింది. చిన్నదే, కానీ రెండోసారి చూసినా అక్కడే ఉంది.

ఒక్క ఇబ్బంది. ఇప్పుడు ఎల్ఎన్ఏ డిష్ ముందు వానలో వేలాడుతోంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అన్ని వైపులా సిలికాన్ దట్టించాను, అయినా పొద్దున్నే మూత లోపల నీటి బొట్లు. ఇంకా దట్టించాలా?

డ్యూవర్‌మేస్త్రి:

ఒద్దొద్దు, వాక్యూమ్ పంపు లేకుండా సీల్ చేయడం మన తరం కాదు. పగలు డబ్బా వేడెక్కి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని పీల్చుకుంటుంది, పీల్చిన నీళ్లు లోపలే ఉండిపోతాయి. డబ్బా అడుగున, కనెక్టర్‌కి దూరంగా, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టు. పురుగులు దూరకుండా దానికి సన్న జాలీ అంటించు. కేబుల్ కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఒక మెలిక ఇవ్వు, లేకపోతే నీళ్లు కేబుల్ వెంబడి నేరుగా డాంగిల్ దాకా వస్తాయి.

ఆ 30 డిగ్రీల స్పెక్ట్రమ్ ఇక్కడ పెట్టు, చూద్దాం.